ఐదు గ్రాముల ఆకలి

వేసవిలో కాలిఫోర్నియాలోని శాన్ రామన్ వీధుల్లో చెట్టు కింద పెట్టిన కారు తెల్లారేసరికి జిగటగా తయారవుతుంది. అద్దం మీద వేలు పెడితే అంటుకుంటుంది. డోహర్టీ లోయలో మా అమ్మాయి వాళ్ళ వీధి పొడుగునా క్రేప్ మర్టిల్ చెట్లున్నాయి. జూలై వచ్చేసరికి గులాబీరంగు పూలతో విరగబూస్తాయి. చూడటానికి బాగానే ఉంటుంది, కింద కారు పెట్టుకున్నవాళ్ళకు తప్ప. "చెట్టు జిగురు కారుస్తోంది అత్తయ్యగారూ, కాలనీ అసోసియేషన్ వాళ్ళకు చెప్పి కొట్టించెయ్యాలి" అన్నాడు మా అల్లుడు. ఓ కొమ్మ వంచి, ఆకు తిరగేసి చూపించాను. పాపం, చెట్టు చేసిందేమీ లేదు. ఆకు అడుగున పచ్చపచ్చగా పేనుబంక బారులు తీరి ఉంది. అది ఆకు రసం పీల్చి, ఒంటికి పట్టే మాంసకృత్తులు ఉంచుకుని, ఎక్కువైన చక్కెరను వెనకనుంచి బొట్లుబొట్లుగా వదిలేస్తుంది. కారు మీద పడేది ఆ చక్కెరే. నాలుగు రోజులు కడగకపోతే దాని మీద నల్లగా మసిబూజు కూడా పడుతుంది.

నేను గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో వ్యవసాయాధికారిగా చేసి రిటైరయ్యాను. చేలోకి దిగి ఆకు తిరగేసి చూడటమే నా ఉద్యోగమనుకోండి. పచ్చదోమ ఎన్ని, పేనుబంక ఎంత, పొలుసు పురుగు ఏ దశలో ఉంది అని లెక్క కట్టడం, రాసుకోవడం. 1987లో పత్తి మీద తెల్లదోమ విరుచుకుపడి రైతులు కుప్పకూలిపోయిన రోజుల్లో ఆకు తిప్పాలంటేనే చేతులు వణికేవి. అందుకే అమెరికాలో ఆకు తిరగేసినా నాకు కనబడేవి పాత ముఖాలే. ఇక్కడ కొత్త ముఖం ఒకటే. నా చెయ్యి అందని పై కొమ్మల్లో, నాకంటే శ్రద్ధగా ప్రతి ఆకూ అడుగునుంచి చూసుకుంటూ పోయే ఓ చిన్న పిట్ట. దాని పేరు బుష్‌టిట్.

దాన్ని కనిపెట్టడం చాలా తేలిక, చూడటం మాత్రం చాలా కష్టం. బూడిదా గోధుమా కలిసిన రంగు. ఒంటి మీద ఓ చుక్క లేదు, రెక్క మీద ఓ గీత లేదు. కాలిఫోర్నియా తీరంలో ఉండే రకానికి నడినెత్తి మీద కొంచెం గోధుమరంగు టోపీ, అంతే. ముక్కు ఉందా లేదా అన్నట్టు పొట్టిగా ఉంటుంది. మనిషి బొటనవేలంత ఒళ్ళు, దానికి దాదాపు అంతే పొడుగు తోక. తూకం వేస్తే ఐదు గ్రాములు, కాస్త పైన. అమెరికా వాళ్ళ క్వార్టర్ నాణెం 5.67 గ్రాములు. ఆ నాణెం కంటే తేలికైన ఒంట్లోనే గుండె, ఊపిరితిత్తులు, ఎముకలు, ఈకలు, రోజంతా ఆగకుండా పలికే గొంతు అన్నీ ఇమిడిపోయాయి.

ఒంటరిగా ఉన్న బుష్‌టిట్ కనబడదు. ముందు చెట్టు నుంచి టిక్ టిక్‌మని సన్నటి సవ్వడి వస్తుంది. తలెత్తేసరికి కొమ్మలన్నీ కదులుతుంటాయి. పదో, ఇరవయ్యో, ఒక్కోసారి నలభయ్యో పిట్టలు. తలకిందులుగా, పక్కవాటుగా, ఒంటికాలితో ఆకు అంచుకు వేలాడుతూ తింటుంటాయి. నిమిషమో రెండు నిమిషాలో. ఆ తర్వాత ఒకటి ఎగిరి పక్క చెట్టు మీద వాలుతుంది, దాని వెనక ఇంకొకటి, దాని వెనక మరొకటి. ఐరన్ హార్స్ బాట మీద సాయంత్రం నడకకు వెళ్ళినప్పుడు ఈ వరస చాలాసార్లు చూశాను. 1891లో వేసిన రైలుమార్గం అది. 1978లో రైళ్ళు మానేశాక నడిచేవాళ్ళకూ సైకిళ్ళకూ మిగిలింది. బాటకు ఈ పక్కనున్న ఓక్ చెట్టు నుంచి ఆ పక్క పొదలోకి పిట్టలు ఒక్కొక్కటే దాటుతాయి. గుంపుగా ఒక్కసారి దాటవు. చివరి పిట్ట ఎప్పుడూ ఓ పది సెకన్లు ఆలస్యం. అది ఒకటే పిట్టో, రోజుకొకటి ఆలస్యమవుతుందో చెప్పలేను గాని, మా మనవరాలు మాత్రం దానికి తన తమ్ముడి పేరు పెట్టేసింది.

ఆడదేదో మగదేదో కళ్ళు చూసి చెప్పొచ్చు. ఈ సంగతి తెలిశాక మనవరాలు బైనాక్యులర్స్ నాకివ్వడం మానేసింది. పెద్ద మగపిట్టకు కన్ను ముదురు గోధుమరంగు, దూరానికి నల్లగానే కనిపిస్తుంది. ఆడపిట్టకు లేత పసుపు కన్ను, మధ్యలో నల్లచుక్క. ఏదో కోపంగా చూస్తున్నట్టుంటుంది. గుడ్డులోంచి వచ్చినప్పుడు పిల్లలన్నిటికీ ముదురు కళ్ళే. ఆడపిల్లల కళ్ళే తర్వాత కొన్ని వారాల్లో వెలిసి పసుపుబారతాయి. ఈకల్లో ఏ తేడా లేకుండా కంటి రంగులో మాత్రమే ఆడామగా తేడా ఉండటం పక్షుల్లో అంత మామూలు సంగతి కాదు.

ఈ పిట్ట సంగతి తెలుసుకోవాలంటే దాని సైజు దగ్గరే మొదలుపెట్టాలని నా అభిప్రాయం. గుంపు, గూడు, నిద్ర అన్నీ అక్కడినుంచి వచ్చినవే. ఓ వస్తువు పొడుగు, వెడల్పు, ఎత్తు రెండింతలు చేస్తే దాని ఉపరితలం నాలుగింతలవుతుంది, లోపలి పరిమాణం ఎనిమిదింతలవుతుంది. ఇదే లెక్క వెనక్కి చేసి చూడండి. ఒళ్ళు అన్నివైపులా సగానికి తగ్గితే వేడి పుట్టించే కండ ఎనిమిదో వంతుకు పడిపోతుంది. వేడి పోగొట్టే చర్మం మాత్రం నాలుగో వంతు దగ్గరే ఆగుతుంది. అంటే చిన్నదయ్యేకొద్దీ కండకు తగ్గ చర్మం కాదు, మించిన చర్మం. పక్షి ఒంట్లో వేడి నలభై డిగ్రీల పైమాటే. శాన్ రామన్‌లో జనవరి తెల్లవారుజామున బయట మూడు నాలుగు డిగ్రీలుంటుంది. ఐదు గ్రాముల పిట్ట ఈ తేడాను రాత్రంతా తన ఖర్చుతోనే భరించాలి. కొవ్వు దాచుకుందామంటే మోసే చోటేది? పగలు తిన్నది ఆ రాత్రికి సరిపోతుంది. మర్నాటికి మళ్ళీ మొదటికే.

మా అమ్మాయి పెరట్లో పంచదార నీళ్ళ సీసా కట్టింది. దాని దగ్గరికి వచ్చే అనాస్ హమ్మింగ్‌బర్డ్ ఇంకా చిన్నది, నాలుగు గ్రాములుంటుంది. అది ఈ చిక్కును వేరే దారిలో దాటుతుంది. చలిరాత్రుల్లో ఒంటి వేడిని బాగా దించేసుకుని, గుండె వేగం తగ్గించుకుని, పొద్దుటిదాకా మొద్దునిద్రలో పడి ఉంటుంది. పొయ్యి ఆర్పేస్తుందన్నమాట. బుష్‌టిట్‌కు ఆ విద్య లేదు. అది పక్కవాళ్ళను ఆనుకుంటుంది. వెచ్చని రాత్రుల్లో కొమ్మ మీద ఎడం ఎడంగా పడుకునే గుంపే చలి పెరిగేసరికి ఒకదాన్నొకటి ఒరుసుకుని వరసగా కూర్చుంటుంది. పక్కపిట్ట తగిలినంత మేర చర్మం చలికి దాగినట్టే కదా. సుసాన్ చాప్లిన్ అనే శాస్త్రవేత్త ఈ ఒద్దికకు శక్తి లెక్క కట్టి 1982లో 'ఆక్' అనే పక్షిశాస్త్ర పత్రికలో అచ్చువేశారు. ఒంటరిగా ఉన్న పిట్ట కంటే ఆనుకుని కూర్చున్న పిట్ట తక్కువ ఖర్చుతో రాత్రి గడుపుతుంది. ఇందులో ప్రేమ ఉందో లేదో నాకు తెలియదు. లెక్క మాత్రం ఉంది.

పగటిపూట గుంపు వేరే పనికొస్తుంది. ఈ పిట్టకు నాయకుడు లేడు. ముందు నడిచేదని, దారి చూపేదని ఏదీ లేదు. ఒక్కటి జరిగితే మిగతావి దాని పలుకు విని అటు జరుగుతాయి. అందుకే ఆ ఎడతెగని టిక్ టిక్. ఆ చప్పుడు ఆగితే గుంపు చెదిరిపోతుంది. తప్పిపోయిన పిట్ట గొంతు పెంచుతుంది, జవాబు వచ్చేదాకా పిలుస్తూనే ఉంటుంది. జోసెఫ్ గ్రినెల్ 1903లోనే ఈ పలుకుల మీద ఓ వ్యాసం రాశాడు. తర్వాత 1908లో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో సకశేరుకాల మ్యూజియం పెట్టినప్పుడు దాని మొదటి డైరెక్టర్ ఆయనే. ఈ పలుకుల్లో అన్నిటికంటే విచిత్రమైంది డేగ వచ్చినప్పటిది. కూపర్స్ డేగ అనే రకం ఇళ్ళ మధ్యకు కూడా వస్తుంది. అది పైన తిరిగిందా, బుష్‌టిట్లన్నీ ఉన్నచోటే రాయిలా బిగుసుకుపోయి, అన్నీ కలిసి సన్నగా వణికే ఒకే కూత పెడతాయి. ఒకసారి బిషప్ రాంచ్ ఆఫీసుల పక్కన విన్నాను. చెట్టంతా మోగుతోంది, ఒక్క పిట్టా కనబడదు, శబ్దం ఎటునుంచి వస్తోందో చెవికి అందదు. నాకే అందలేదంటే డేగకూ ఎంతో కొంత తికమక ఉండే ఉంటుంది. డేగ వెళ్ళిపోయాక కూడా కాసేపు ఆ కూత ఆగదు. ఎవరు ముందు కదలాలో తేలక కాబోలు.

ఇక నా వృత్తికి దగ్గరైన సంగతి, తిండి. పేనుబంక, పొలుసు పురుగులు, ఆకుదోమలు, సన్న గొంగళిపురుగులు, చిన్న పెంకుపురుగులు, సాలీళ్ళు. ఇంత పొట్టి ముక్కుకు అందేవన్నీ ఇవే. గింజలు, పండ్లు పేరుకు మాత్రం. 1900 తర్వాత కాలిఫోర్నియాలో పండ్లతోటల వాళ్ళకు పిట్టలు మేలు చేస్తున్నాయా కీడు చేస్తున్నాయా అని పెద్ద తగువు నడిచింది. శాన్ రామన్ లోయ కూడా అప్పట్లో వాల్‌నట్ తోటల సీమే. ఫారెస్ట్ హోమ్ ఫార్మ్స్‌కు వెళ్తే ఆనాటి వాల్‌నట్ శుభ్రం చేసే యంత్రాలు ఇప్పటికీ చూడొచ్చు. అమెరికా వ్యవసాయశాఖ ఎఫ్.ఇ.ఎల్. బీల్ అనే ఆయన్ని ఈ తగువు తేల్చమంది. ఆయన తేల్చిన పద్ధతి ఈ రోజుల్లో ఒప్పుకోరు. పిట్టల్ని కాల్చి, పొట్ట కోసి, లోపల ఏముందో సూక్ష్మదర్శినితో లెక్కపెట్టాడు. ఒక్క బుష్‌టిట్లే మూడు వందల యాభై పైచిలుకు. నూటికి ఎనభై వంతుల వరకు పురుగులూ సాలీళ్ళూ తేలాయి. అందులో ఆలివ్ తోటల్ని పీడించే నల్ల పొలుసు పురుగు పాలు బాగా ఉంది. 1907లో ఆయన నివేదిక మొదటి భాగం అచ్చయింది. ఐదేళ్ళ తర్వాత, 1912లో, మన దేశంలోనూ పూసా వ్యవసాయ పరిశోధన సంస్థ నుంచి మేసన్, మాక్స్‌వెల్ లెఫ్రాయ్ ఇదే పద్ధతిలో భారతదేశపు పక్షుల తిండి మీద పెద్ద గ్రంథం తెచ్చారు. బాపట్ల వ్యవసాయ కళాశాల లైబ్రరీలో దాని పేరు తలవని కీటకశాస్త్రం మాస్టారు లేరు మా రోజుల్లో.

ఇక్కడ ఓ మాట చెప్పకపోతే నా ఉద్యోగానికి అన్యాయం చేసినట్టవుతుంది. పిట్టలు పురుగుల్ని తింటాయి కాబట్టి మందు అక్కర్లేదని రాసేవాళ్ళను చూస్తే నాకు నవ్వొస్తుంది. పేనుబంక ఆడది మగదానితో పని లేకుండా, గుడ్డు కూడా పెట్టకుండా, నేరుగా పిల్లల్ని కంటుంది. ఆ పిల్లలు వారం పది రోజుల్లో మళ్ళీ కంటాయి. వాతావరణం అనుకూలించి అది ఎగదన్నిందా, ఎన్ని పిట్టలొచ్చినా తరగదు. పైగా బుష్‌టిట్ శత్రుపురుగు, మిత్రపురుగు అని చూసి తినదు. పేనుబంకను తినే అక్షింతల పురుగు పిల్లనూ సాలీడునూ కూడా అదే నోటితో మింగుతుంది. పిట్టల బలం వేరేచోట ఉంది. పురుగు ఇంకా పలచగా ఉన్నప్పుడు, నాలాంటి అధికారి కంటికి ఆననప్పుడు, అవి రోజూ వచ్చి ఏరుకుపోతాయి. ఆ పని ఏ లెక్కల పుస్తకంలోకీ ఎక్కదు, ఎందుకంటే రాని నష్టాన్ని కొలిచేదెలా? కంది, పత్తి చేలల్లో ఎకరానికి పదో పన్నెండో పక్షి స్థావరాలు పాతండని మేం చెప్తే రైతులు నవ్వేవాళ్ళు. "కర్ర పాతితే పురుగు పోద్దా మేడంగారూ?" అనేవాళ్ళు. పసులపోలిగాడు ఆ కర్ర మీద కూర్చుని పచ్చపురుగును ఎత్తుకుపోవడం చూశాక కొందరు పాతారు, కొందరు ఆ కర్రను చిక్కుడు పాదుకు వాడుకున్నారు.

కాలిఫోర్నియా అంటే మా క్లాసులో అసలు వేరే కథ. 1888లో నారింజ తోటల్ని తినేస్తున్న దూది పొలుసు పురుగు మీదికి ఆల్బర్ట్ కోబెల్ ఆస్ట్రేలియా నుంచి ఓ అక్షింతల పురుగును పంపించాడు. ఏడాది రెండేళ్ళలో తోటలు తేరుకున్నాయి. పురుగును పురుగుతోనే అదుపుచెయ్యడానికి ప్రపంచమంతా చెప్పుకునే మొదటి పెద్ద ఉదాహరణ అదే. ఆ పాఠం నోటికి పట్టించిన నాకు, అదే రాష్ట్రంలో అదే పని జీతం లేకుండా చేస్తున్న పిట్ట గురించి ఒక్క ముక్క కూడా చెప్పలేదే అని ఇప్పుడు అనిపిస్తోంది. ఆ సిలబస్‌లో పిట్టలంటే పంట పాడుచేసేవే.

ఫిబ్రవరి వచ్చేసరికి గుంపు జంటలుగా విడిపోవడం మొదలవుతుంది. చలి ఇంకా పూర్తిగా పోదు. లాస్ ట్రాంపాస్ కొండలు అప్పుడే పచ్చబడుతుంటాయి. వానలు పడేది చలికాలంలో కాబట్టి ఇక్కడ కొండకు పచ్చదనం శివరాత్రి రోజుల్లో వస్తుంది, మే నెలకల్లా గడ్డి ఎండి గోధుమరంగుకు తిరుగుతుంది. పురుగులు పుష్కలంగా దొరికే ఆ నడిమి నెలల్లోనే గూడు కట్టాలి.

ఆ గూడు చూసి తీరాలి. కొమ్మ చివర నుంచి కిందికి వేలాడే సంచి, ఒక్కోసారి అడుగు పొడుగు. పైన పక్కగా చిన్న ద్వారం, అక్కడినుంచి కిందికి సన్నని సందు, అడుగున గుడ్లుండే గిన్నె. గిజిగాడి గూడు చూసిన మన కళ్ళకు వేలాడే గూడు కొత్త కాదు. అయితే గిజిగాడు గడ్డిపోచల్ని అల్లుతాడు, ముడివేస్తాడు. బుష్‌టిట్ అల్లదు. సాలెగూటి పోగులు తెచ్చి చీలిన పుల్లల మధ్య ముందు ఓ వలయం కట్టి, దానికి నాచు, లైకెన్, ఓక్ పూల కంకులు, గడ్డి నూగు అంటించుకుంటూ పోతుంది. సాలెపోగుకు సాగే గుణం ఉంది కదా. పని నడుస్తుండగానే పిట్ట లోపల కూర్చుంటే దాని బరువుకు సంచి కొంచెం కొంచెం కిందికి సాగుతుంది. సాగి పలచబడ్డచోట మళ్ళీ నాచు పెడుతుంది, మళ్ళీ కూర్చుంటుంది. ఐదు గ్రాముల బరువు ఒకచోటైనా పనికొచ్చిందంటే ఇక్కడే. ఆడా మగా ఇద్దరూ కడతారు. నెల రోజులు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే పడుతుంది. లోపల ఈకలూ మెత్తటి నూగూ దట్టంగా పరుస్తారు. బయటివైపు లైకెన్ ముక్కలు ఎంత పొందికగా ఉంటాయంటే ఓక్ కొమ్మ మీద అది గూడని చెప్పినా చాలామందికి కనబడదు. మా పక్కింటి వాళ్ళ ప్రహరీ మీదికి వాలిన ఓక్ కొమ్మకున్న గూటిని మా అల్లుడు ఎండిన నాచు ముద్ద అని వారం రోజులు వాదించాడు.

గుడ్లు తెల్లనివి, మామూలుగా ఐదారు, పది దాకా కూడా పెట్టొచ్చు. పన్నెండు పదమూడు రోజుల పొదుగు, తర్వాత పిల్లలు ఎగరడానికి పద్దెనిమిది రోజులు. ఆ రోజుల్లో రాత్రికి అందరూ గూట్లోనే పడుకుంటారు. తల్లి, తండ్రి, పిల్లలు, ఇంకెవరైనా తోడుంటే వాళ్ళూ. మిగతా పక్షుల్లో చాలావాటికి గూడు గుడ్లూ పిల్లల కోసమే, రాత్రికి తండ్రి కొమ్మ మీదే. ఇక్కడ మాత్రం అందరూ ఆ సంచిలోకే దూరతారు. పిల్లలు ఎగిరిపోయిన రోజు నుంచి మళ్ళీ అందరూ కొమ్మల మీదికే. మొదటి కాపు ముందే ముగిస్తే అదే గూట్లో రెండో కాపు కూడా పెడతాయి.

'ఇంకెవరైనా తోడుంటే' అన్నాను కదా. పిల్లలకు మేత తెచ్చేవాళ్ళు ఒక్కోసారి ముగ్గురు, నలుగురు ఉంటారు. కన్నవాళ్ళు ఇద్దరే, మిగతావాళ్ళు సాయానికి. పక్షుల్లో ఇలాంటి సాయగాళ్ళుంటారని శాస్త్రలోకానికి గట్టిగా చెప్పింది అలెగ్జాండర్ స్కచ్. ఆయన చదువుకున్నది వృక్షశాస్త్రం, అరటి మొక్క మీద పరిశోధన. మధ్య అమెరికా వెళ్ళి పక్షుల వెంట పడ్డాడు, చివరికి కోస్టారికాలోనే స్థిరపడి వందేళ్ళకు కొద్ది రోజులు తక్కువగా బతికాడు. గ్వాటెమాలా కొండల్లో బుష్‌టిట్ గూటికి రెండుకంటే ఎక్కువ పెద్దపిట్టలు రావడం చూసి, ఇంకో రెండు పక్షుల సంగతి కూడా కలిపి 1935లో 'ఆక్'లో వ్యాసం రాశాడు. 'గూటి దగ్గరి సాయగాళ్ళు' అన్న మాట అప్పటినుంచి పక్షిశాస్త్రంలో నిలిచిపోయింది.

ఈ ముక్క చెప్పగానే మా నడక బృందంలో అందరి ముఖాలూ వెలిగిపోయాయి. శాన్ రామన్‌లో సాయంత్రం ఏ పార్కుకు వెళ్ళినా మనలాంటి పెద్దవాళ్ళు ఓ పదిమంది ఉంటారు, అందరం పిల్లల పిల్లల్ని చూసుకోవడానికి వచ్చినవాళ్ళమే. "అయితే పిట్టల్లోనూ ఉమ్మడి కుటుంబమేనన్నమాట వదినా!" అన్నారు విజయవాడ నుంచి వచ్చిన ఒకావిడ. నేను ఆవిడ ఉత్సాహం మీద నీళ్ళు చల్లాను. 1990ల్లో సారా స్లోన్ అనే పరిశోధకురాలు అరిజోనాలో పిట్టల కాళ్ళకు గుర్తులు వేసి ఎవరెవరో తేల్చింది. సాయానికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది పెద్ద మగపిట్టలు. తమ గూడు పాడైపోయినవో, జత దొరకనివో. తాతలూ అమ్మమ్మలూ కాదు. గూట్లో చోటు, రాత్రికి వెచ్చదనం, గుంపులో ఉనికి, వీటిలో ఏదో ఒక లాభం వాటికీ ఉంటుంది. ఇంకో సంగతి కూడా చెప్పాను. గూడు కట్టే మొదట్లోనో గుడ్లు పెట్టేటప్పుడో దాన్ని కదిపితే, కొన్ని జంటలు గూడుతో పాటు ఒకదాన్నొకటి కూడా వదిలేసి వేరే జత కట్టుకుంటాయి. ఆవిడకు ఇది బొత్తిగా నచ్చలేదు. పిట్టను పిట్టలాగే చూద్దాం వదినా, మన ఇళ్ళ సంగతి మనకెలాగూ ఉంది అన్నాను.

చుట్టరికం అడిగితే దానికి అమెరికాలో నా అన్నవాళ్ళు లేరు. పొడుగుతోక టిట్ల కుటుంబం ఏజిథాలిడేలో మిగతావన్నీ ఆసియా, యూరప్‌లలోనే ఉన్నాయి, అందులోనూ హిమాలయాలూ చైనా కొండల్లో ఎక్కువ. సిమ్లా, నైనితాల్ వెళ్ళినవాళ్ళు ఎర్రటి టోపీ, నల్లటి గొంతు ఉన్న ముద్దులొలికే పిట్టల గుంపును చూసి ఉంటారు. అవి దీని పినతండ్రి పిల్లలు. మన తెలుగు అడవుల్లో ఈ కుటుంబం లేదు. బుష్‌టిట్‌కు శాస్త్రీయంగా పేరు పెట్టింది జాన్ కిర్క్ టౌన్సెండ్, 1837లో, కొలంబియా నది దగ్గర దొరికిన పిట్టను చూసి. పిట్ట తోళ్ళు పాడవకుండా పూసే ఆర్సెనిక్ పొడి ఒంట్లోకి పోయి నలభై రెండేళ్ళు నిండకుండానే చనిపోయాడాయన. మినిమస్, అంటే అతి చిన్నది, అని లాటిన్‌లో ఆయన పెట్టిన మాట నేటికీ దాని పేరులో ఉంది.

శాన్ రామన్‌లో ఉన్నవాళ్ళు ఎవరైనా చూడాలంటే అడవికే పోనక్కర్లేదు. ఓక్ చెట్టు, కొయోటీ బ్రష్ పొద ఉన్నచోట అది ఉంటుంది. బొలింజర్ కాన్యన్ దారిలో లాస్ ట్రాంపాస్ వైపు వెళ్తే ఖాయం, డయాబ్లో కొండ చుట్టూ ఖాయం, ఆఫీసుల పార్కింగ్ చెట్ల మీదా ఖాయమే. వలస పోదు, ఏడాది పొడుగునా ఇక్కడే. చలికాలంలో చికడీలు, టిట్‌మౌస్‌లు, కింగ్‌లెట్‌లు కూడా ఆ గుంపుతో కలిసి తిరుగుతాయి. కాలికి గుర్తు వేసిన ఓ బుష్‌టిట్ కాలిఫోర్నియాలో ఎనిమిదేళ్ళు దాటి బతికినట్టు రికార్డుంది. అన్నిటికీ అంత ఆయుష్షు ఉండదు. పిల్లులున్నాయి, డేగలున్నాయి. గూళ్ళకు అసలు శత్రువు స్క్రబ్ జే అనే నీలిపిట్ట, ముక్కుతో సంచిని చీల్చి గుడ్లు తినేస్తుంది. ఒక ఏడాది మేం చూస్తున్న గూటిని అలాగే చీల్చింది. మర్నాడు ఆ జంట పాత గూటి నాచును పీక్కెళ్ళి నాలుగిళ్ళ అవతల కొత్తది మొదలుపెట్టింది.

మనిషి చెయ్యగలిగింది కొంచెమే. పెరట్లో పేనుబంక కనబడగానే మందు కొట్టకుండా నీళ్ళ పైపు గట్టిగా పట్టండి, చాలు. రాలిన పిల్ల దొరికితే ఇంట్లో పెంచబోకుండా వాల్‌నట్ క్రీక్‌లోని లిండ్సే వన్యప్రాణి ఆసుపత్రికి ఫోన్ చెయ్యండి. ఫిబ్రవరి నుంచి జూలై దాకా కొమ్మలు కొట్టించే ముందు ఓసారి తలెత్తి చూడండి. గుడ్లో పిల్లలో ఉన్న గూటిని కూల్చడం 1918 నాటి వలసపక్షుల ఒప్పంద చట్టం కింద నేరం. పేరులో వలస ఉన్నా వలసపోని మన పిట్టకూ అది వర్తిస్తుంది.

ఏప్రిల్‌లో ఓసారి అసోసియేషన్ తరఫున చెట్లు కత్తిరించేవాళ్ళు వచ్చారు. మా అమ్మాయి పరుగెత్తుకెళ్ళి గూడున్న కొమ్మ చూపించబోయింది. వాళ్ళలో పెద్దాయన చెయ్యి అడ్డంపెట్టి నవ్వాడు. ఆ కొమ్మకు అప్పటికే పసుపు రిబ్బన్ కట్టి ఉంది. వాళ్ళిద్దరూ ఇంగ్లీషు, స్పానిష్ కలిపి కాసేపు మాట్లాడుకున్నారు. ఆయనది గ్వాటెమాలా, కొండ ప్రాంతమట. మా ఊళ్ళోనూ ఈ పిట్ట ఉంటుంది అన్నాడు. కాకపోతే మగదానికి, అంటూ రెండు బుగ్గల మీదుగా చెవులదాకా వేలితో అడ్డంగా గీత గీసి చూపించాడు, ఇక్కడ నల్లగా ఉంటుంది. దక్షిణాన ఉండే నల్లచెవుల రకం అదే, స్కచ్ చూసింది కూడా అదే. ఒకప్పుడు దాన్ని వేరే జాతిగా లెక్కగట్టేవాళ్ళు, తర్వాత దీనిలోనే కలిపేశారు. ఆ సంగతి అమ్మాయితో ఆయనకు చెప్పించాను. వేరెందుకవుతుంది, అరుపు ఒకటేగా అని, రంపం మోటారు పెట్టి పక్క చెట్టు దగ్గరికి వెళ్ళిపోయాడు.